కోరి పడిన కష్టము

లోకములో కష్టములు రెండు విధములు. మనల నడుగకయే మన మీద వచ్చి పడునవి కొన్ని. మనమే వెదకికొని పోయి తెచ్చికొనునవి కొన్ని. మొదటివానిని గూర్చి పెద్దలు చాల చెప్పియున్నారు. రోగమును, దారిద్ర్యమును, వియోగమును ఓర్చుకొనుటయే ధైర్యమని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. రెండవవానిని గూర్చి మాత్రము మన యభిప్రాయము నిలుకడగా లేదు. కార్తీకమాసమున తెల్లవారకమునుపే గోదావరిలో మునుగువానిని భక్తుడందుము. అదే వేళకు, అదే చలిలో, నూఱు మైళ్లు సైకిలు త్రొక్కి వచ్చెదనని బయలుదేరువానిని వెఱ్ఱివాడందుము. ఇద్దఱును కోరి చలిని తెచ్చికొన్నవారే. ఒకనికి పుణ్యఫలమందు నమ్మకము గలదు; రెండవవాని కదియు లేదు. కూలి లేక, పుణ్యము లేక, తఱచుగా చూచువారును లేక పడెడి యీ శ్రమయందు నీతి యేమైన గలదా? ఉన్నయెడల నది యెక్కడ నున్నది? దాని వెలను చెల్లించువా రెవరు? ఈ మూడు ప్రశ్నలను చదువరులతో గూడి విచారింప గోరుచున్నాము.

ఇందులకు ఇంగ్లండు దేశపు అమెచ్యూరు సైకిలు పందెగాండ్రను ఉదాహరణముగా గైకొందుము. అమెచ్యూరనగా వృత్తిగా గాక వేడుకకై ఆటలో దిగువాడు. నూఱేండ్లకు పైగా ఆ దేశమున నీ యలవాటు నియమములతోను సంఘములతోను వేళ్లూని యున్నది గనుక, మంచిచెడ్డలు రెండును అక్కడ స్పష్టముగా గనబడును.

ఆ మనుష్యుడు గొప్ప క్రీడాకారుడు కాడు. వారమంతయు కచ్చేరిలోనో, బడిలోనో, కర్మాగారములోనో పనిచేసి, ఆదివారము మాత్రమే తనది యనుకొనువాడు. పందెములు వసంతమున మొదలై శరత్కాలముతో ముగియును. వానికి కావలసిన బలము చలికాలములో కూడబెట్టుకొనవలయును. డిసెంబరు నెలలో లండనులో సూర్యు డుదయ మెనిమిదింటికి గాని రాడు. సాయంకాలము నాలుగు గాకమునుపే వెడలిపోవును. పగ లించుమించు ఎనిమిది గంటలే. అట్టి దినమున వాడు చీకటిలో లేచి, ఒకదానిపై నొకటిగా ఉన్నిబట్టలు తొడిగికొని, ముందొకటి వెనుకొకటి దీపములు గట్టికొని వీధిలోనికి వచ్చును. వాని సైకిలును మంచిది కాదు. మంచుగడ్డలు కట్టకుండుటకై రోడ్ల మీద చల్లెడి యుప్పు గొలుసును, ఇనుమును తినివేయును గావున, చాలమంది చలికాలమునకై వేఱొక పాత బండి నుంచుకొందురు. పందెపు బండి గోడకు వ్రేలాడుచుండును.

ఈ పాత బండికి మడ్‌గార్డు లుండవలెనని అనేక సంఘములలో నొక మర్యాద గలదు. వెనుకచక్రపు మడ్‌గార్డునకు క్రింద పొడవైన తోలుముక్కయో రబ్బరుముక్కయో తగిలింతురు. అది త్రొక్కువానికి ఉపకరించునది కాదు. వాని వెనుక వచ్చువాని ముఖము మీద బురదనీరు చిమ్మకుండుటకే యది. తాను తడియకుండుట సుఖము. తన వెనుకవానిని తడుపకుండుట ధర్మము. ఇంత చిన్న రబ్బరుముక్కలో ఆ భేదము గనబడుచుండగా, దీనిని గుఱించి ముందు మరల చెప్పవలసి వచ్చును.

ఇక పూర్వపక్షము వినుడు. “ఈ శ్రమవలన నెవరికేమి ప్రయోజనము? అంత బలమే యున్న యెడల ఒక బావి త్రవ్వరాదా? ఒక బీదవాని యిల్లు కట్టి యీయరాదా?” అని బుద్ధిమంతులు కొంద రడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని దీని నడుగువారిలో బావి త్రవ్వినవారు మిక్కిలి తక్కువ. పేకాటలో తెల్లవార్చినవానిని వారీ ప్రశ్న యడుగరు; పెండ్లివిందులో ఆకు మీద సగము విడిచిపెట్టినవానిని అడుగరు. శ్రమపడువాడు గనబడినప్పుడే వారికి ప్రయోజనము జ్ఞప్తికి వచ్చును. సోమరితనమును ప్రశ్నింపని యుపయోగవాదము నీతి కాదు, అసూయ మాత్రమే.

కొందఱు సైకిలువానిని సమర్థించుచు, అది యారోగ్యమునకు మంచిదందురు. ఈ సమాధానమును మేము స్వీకరింపము. ఆరోగ్యమునకు దినమున కొక యరగంట చాలును. చీకటిలో ఉప్పునీటిని చిమ్ముకొనుచు నూఱుమైళ్లు పోనక్కఱలేదు. వాడు పోవుచున్నది అక్కఱకు మించిన చోటికి. ఆ మించిన భాగమున కేమి కారణమనియే మన విచారణ.

ఆ కారణము తెలియుటకు వారి పందెము యొక్క స్వరూపమును కొంచెము చూడవలయును. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఇంగ్లండులో రాజమార్గముల మీద గుంపులు గుంపులుగా సైకిలు పందెములు సాగుచుండగా, గుఱ్ఱములు బెదరి, ప్రజలు కోపించి, పోలీసు లడ్డుపడిరి. సైకిలు సంఘముల పెద్దలే రోడ్డు పందెములను వలదనిరి. అప్పుడు ఎఫ్. టి. బిడ్లేక్ అను నాతడు 1895లో నొక యుపాయము నమలులోనికి దెచ్చెను. పందెగాండ్రు కలసి బయలుదేరరు. కొంత యెడముతో ఒక్కొక్కరే బయలుదేరుదురు. ప్రతివాడును గడియారముతోనే పోటీపడును. దీనినే వారు టైమ్ ట్రయలందురు. పది, ఇరువదియైదు, ఏబది, నూఱు మైళ్ల దూరములకును, పండ్రెండు, ఇరువదినాలుగు గంటల కాలములకును నీ పందెములు నేటికిని జరుగుచున్నవి. జనుల కంటబడకుండుటకై వారు తెల్లవారుజామున నల్లని బట్టలు ధరించి పోవుచుండిరి. త్రోవలకు ఊళ్ల పేర్లు పెట్టక, అక్షరములు అంకెలు గలిపి రహస్యపు గుర్తులు పెట్టికొనిరి. బట్టల రంగు మాఱినది గాని యా గుర్తుల పద్ధతి నేటికిని పోలేదు.

ఈ పందెములో ముఖ్యమైన నియమ మొకటి గలదు. ముందు పోవువానిని సమీపించినపుడు వాని వెనుక దాగి పోరాదు. సైకిలునకు పెద్ద శత్రువు గాలి. ఒకని వెనుక నొదిగి పోవువానికి గాలి దెబ్బ చాల తగ్గును; అంత మేరకు శ్రమ మిగులును. కావున వెనుకబడి పోవుట దొంగతన మని వారి న్యాయము. కాని పొడవైన రోడ్డు మీద, తెల్లవారుజామున, న్యాయాధికారి యెక్కడనో దూరమున నుండగా, ఈ దొంగతనమును పట్టువా రెవరు? చాలచోట్ల ఎవరును లేరు. పట్టువాడు త్రొక్కువాడే.

ఇంతకన్న స్పష్టమైన యుదాహరణ ఫ్రాన్సునుండి వచ్చినది. పారిస్ నుండి బ్రెస్ట్ అను రేవునకు పోయి మరల పారిస్ చేరుట యను సుమారు 1200 కిలోమీటర్ల పందెము 1891లో మొదలైనది. కొంతకాల మందు వృత్తి పందెగాండ్రు పాల్గొనిరి. తరువాత వారు తప్పుకొనిరి. నేడు నాలుగేండ్ల కొకసారి జరుగు నా సవారిలో ముందు వచ్చినవానికిని వెనుక వచ్చినవానికిని తారతమ్యము లేదు. గరిష్ఠముగా తొంబది గంటలలో తిరిగి వచ్చిన ప్రతివాడును ఉత్తీర్ణుడే. దీనికి సంబంధించిన ఆడాక్స్ సంప్రదాయ మిప్పుడు ప్రపంచమంతట వ్యాపించినది. మన హైదరాబాదులోను తెల్లవారుజామున నిట్టి సవారులకు బయలుదేరువా రున్నారు. అందలి యతి చిన్న మెట్టు రెండువందల కిలోమీటర్లు. దానికి పదమూడున్నర గంటల గడువు. త్రోవలో నిర్ణీత స్థలముల యందు ఒక కార్డు మీద ముద్ర వేయించుకొనవలయును. ఆ స్థలముల నడుమ ఇతరుల సహాయము గైకొనరాదు. పంక్చరు పడిన తానే అతికికొనవలయును; ఆకలివేసిన దారిలోని దుకాణమున తానే కొనుక్కొని తినవలయును. ముద్ర వేయువారు లేని పల్లెలకు వారొక చమత్కారము కనిపెట్టిరి. కార్డు మీద నొక ప్రశ్న యుండును. ఆ యూరి చర్చి గోడ మీద చెక్కియున్న సంవత్సర మేది? నాలుగుదారుల కంబము మీద ఫలాని యూరికి దూరమెంతయని వ్రాసియున్నది? అక్కడికి పోయి చూచినవాడే జవాబు వ్రాయగలడు.

ఈ ప్రశ్నలు మోసగానిని పట్టుటకు చాలునా? చాలవు. స్నేహితు నడిగి వ్రాయవచ్చును. నే డుపగ్రహముల సహాయముతో త్రోవను గుర్తించు యంత్రములు వచ్చినవి. అవి చక్రము పోయిన దారిని చెప్పును గాని మనస్సు పోయిన దారిని చెప్పలేవు. అయినను ఈ సంప్రదాయము ఇన్ని యేండ్లు నిలిచియున్నది. ఏలయనగా, బహుమానమే లేని చోట మోసము చేసి గెలుచుకొనున దేమియు లేదు. మోసము చేసినవానికి దక్కునది యొక యట్టముక్క. ఆ యట్టముక్క నిజమని నమ్మజాలనివాడు లోకములో నొక్కడే యుండును. వాడు మోసము చేసినవాడే. మొదటి ప్రశ్నకు మా సమాధాన మిదియే. కోరి పడిన కష్టములో నీతి గలదు. అది కాళ్ల బలములో లేదు, దూరములో లేదు. అడుగువారు లేనిచోట తాను పెట్టికొన్న నియమమును తానే పాటించుటలో నున్నది. లోకములో మన సత్యమును పరీక్షించువారు చాలమంది: గుమాస్తాను పై యధికారి, విద్యార్థిని ఉపాధ్యాయుడు, వర్తకుని కొనుగోలుదారు. వీరందఱును తొలగిపోయిన పిమ్మట మనలో మిగులు సత్య మెంతయని తెలిసికొనుట కవకాశములు మిక్కిలి తక్కువ. అట్టి యవకాశమును కల్పించు ఆట వ్యర్థమని మే మనజాలము.

దీనిని నిష్కామకర్మ యని పొగడువా రున్నారు. మే మంతదూరము పోము. ఆ యట్టముక్క మీదను కోరిక పుట్టును. అదియు చిన్న కోరిక గాదు. ఇందుల కొక యుదాహరణము చెప్పెదము.

బ్రిటనులోని ఆడాక్స్ సంఘము 1976లో స్థాపింపబడినది. వరుసగా పండ్రెండు నెలలు, నెల కొకటి చొప్పున, తక్కువలో తక్కువ రెండువందల కిలోమీటర్ల సవారిని ముగించినవాని కా సంఘము గుర్తింపు నిచ్చును. వేసవిలో నిది వినోదము. శీతకాలమున పగలు ఎనిమిది గంటలు, గడువు పదమూడున్నర గంటలు; చీకటిలో బయలుదేరి చీకటిలోనే యిల్లు చేరవలయును. మీదుమిక్కిలి నెల లన్నియు వరుసగా నుండవలయును. ఒక నెల తప్పిన లెక్క మరల మొదటికి వచ్చును.

జనవరిలో మొదలుపెట్టి నవంబరు వఱకు పదునొకండు సవారులు ముగించిన యొక్కని నూహింతము. డిసెంబరులో చివరి యాదివారము. వాని కిదివఱ కవకాశము చిక్కలేదు. రాత్రి మంచు కురిసి, తెల్లవారునప్పటికి రోడ్డు మీద పలుచని గాజువలె గడ్డకట్టినది. అది తారు రంగులోనే కలిసిపోయి కంటికి గనబడదు. పెద్ద రోడ్ల మీద ప్రభుత్వమువా రుప్పు చల్లియున్నారు గాని, అక్కడ మోటారు బండ్ల రద్దీ. పల్లెదారుల మీద బండ్లు లేవు గాని, ఉప్పును లేదు. రెండు చక్రముల బండి మంచు మీద జాఱినచో బ్రేకు సహాయము చేయదు. భుజపుటెముకయో తుంటియో విఱుగును. లోపల భార్యయు పిల్లలును నిద్రించుచున్నారు. వాడు తలుపు తీసి, బూటుతో నేలను రాచి చూచి, కొంతసేపు నిలిచెను. ఇప్పుడు వాడేమి చేయవలయును?

పోవలెనని చెప్పు లోపలి స్వరము ధైర్యమువలె మాటలాడును. “పదునొకండు నెలల శ్రమ మంటగలియునే! పట్టుదల యెక్కడ?” అని యడుగును. కాని పట్టుదలకును మొండితనమునకును భేదము గలదు. పట్టుదల తాను చెల్లింపగల వెలను తాను చెల్లించును. మొండితనము తన వెలను పరులచేత చెల్లింపించును. వాడు పడినయెడల మంచులో వాని కొఱకు వచ్చు ఆంబులెన్సువారును, వారములకొలది వానిని మంచము మీద చూచుకొనవలసిన భార్యయు ఆ పందెములో పేరు వ్రాయించుకొనలేదు. మా యభిప్రాయమున, తలుపు మూసి లోనికి పోయి, జనవరినుండి మరల మొదటి లెక్క పెట్టుకొనువాడే యా ఉదయమున గెలిచినవాడు. పదునొకండు నెలలలో వాడు నేర్చినది నియమమే యైనచో, పండ్రెండవ నెలలో నియమమును విడుచుటకు కావలసిన బలమును అందులోనుండియే రావలయును. అది రాకపోయినచో వాడు నేర్చినది నియమము కాదు, లెక్క మాత్రమే.

ఈ వివేకము మంచు పడిన యుదయమున హఠాత్తుగా పుట్టునది కాదు. ముందురాత్రి పటము ముందు కూర్చుండినపుడే పుట్టవలయును. త్రోవను నిర్ణయించుకొనుట సైకిలువానికి సవారికన్న తక్కువ విద్య కాదు. బ్రిటనులో ఆర్డ్నెన్సు సర్వేవారి పటములు మిక్కిలి ప్రసిద్ధములు. వానిలో సమోన్నత రేఖ లొత్తుగా నున్నచోట కొండ నిటారుగా నున్నదని తెలియును. రోడ్డు మీద నొక బాణపు గుర్తున్నచో ఏడడుగుల కొకయడుగు చొప్పున గాని, అంతకు మించి గాని యెక్కవలయును. రెండు గుర్తు లున్నచో ఐదడుగుల కొకయడుగును మించినది. ఆ దేశమున గాలి తఱచుగా నైరృతినుండి వీచును. గనుక తెలిసినవాడు ఉదయమున, ఒంటిలో బలమున్నపుడు, గాలి కెదురుగా పోయి, అలసిన సాయంకాలమున గాలి వీపును నెట్టుచుండగా నింటికి వచ్చునట్లు త్రోవ నేర్పరచుకొనును. తెలియనివాడు గాలి త్రోసినంత దూరము హుషారుగా పోయి, సగము దారిలో వెనుదిరిగి యేడ్చును. సుఖమును ముందుగా ఖర్చుపెట్టి కష్టమును రేపటికి దాచు గృహస్థులకు నిది పనికివచ్చు పాఠము. ఇంకను మంచి పథకములో రైలుస్టేషనులు గుర్తించియుండును. అలసిన, చెడిన, మంచు గట్టిన, అక్కడనుండి యింటికి రావచ్చును. తిరిగివచ్చు దారి లేని పథకమును పథకమనరాదు. అది గర్వమునకు గీచిన పటము.

ఇంతవఱకు త్రొక్కువానిని గూర్చి చెప్పితిమి. ఇక త్రొక్కుటకు నోచుకొననివారిని గూర్చి విచారింపవలయును. అమెచ్యూరను మాటకు లాటినుభాషలో ప్రేమించుట యను ధాతువు మూలము. డబ్బునకై గాక ప్రేమకై చేయువాడని యర్థము. ఇంత యందమైన మాటను ఇంగ్లండు దొరలు కొంతకాలము గోడగా వాడిరి. హెన్లీ యను నూర థేమ్సు నది మీద జరుగు ప్రసిద్ధమైన పడవ పందెములకు 1879లో చేసిన నియమమున, చేతిపనివాండ్రును, కూలివాండ్రును అమెచ్యూరులు కారని వ్రాసిరి. దేహశ్రమచే బ్రదుకువాడు ప్రేమకై యాట నాడజాలడని వారి తాత్పర్యము. ఈ నిషేధమును 1937 వఱకు తొలగింపలేదు. పేరు మాఱినను వస్తు వొక్కటియే; మన దేశములో దీనిని జాతిభేద మందుము. సైకిలు మాత్ర మీ గోడను చాలవఱకు దాటినది. అది పడవకన్న, గుఱ్ఱముకన్న చవుక. 1894లో బర్మింగుహాము నగరమున కొందఱు సోషలిస్టు యువకులు క్లారియన్ అను పత్రిక పేరిట సైకిలు సంఘమును స్థాపించిరి; కార్మికులు ఆదివారములందు సైకిళ్ల మీద పల్లెలకు పోయి తమ సిద్ధాంతములను ప్రచారము చేసిరి.

అయినను గోడ పూర్తిగా పడిపోలేదు. కోరి చలిలోనికి పోవు మన సైకిలువానికి ఎదురుగా, కోరకయే చలిలోనికి వచ్చినవారు గనబడుచుందురు. రాత్రియంతయు రోడ్ల మీద ఉప్పు చల్లిన బండి డ్రైవరు, రాత్రి కాపుదల ముగించుకొని పోవు నర్సు. మన యూళ్లలో నైనచో పాలవాడు, పత్రికలు పంచు కుఱ్ఱవాడు. వీరును ఆ చలిలోనే, కొందఱు సైకిలు మీదనే పోవుచున్నారు. త్రోవ యొకటే, గాలి యొకటే. వీరికి మాత్రము వెనుదిరుగు హక్కు లేదు. కోరి కష్టపడినవాడు తన కష్టమును వీరి కష్టముతో సమానముగా చెప్పుకొనుట యపచారము. వాని కష్టమును తీయగా జేయునది వాని స్వేచ్ఛయే. ఆ స్వేచ్ఛ యెక్కడనుండి వచ్చినదని యడుగకుండ నతడు గర్వింపరాదు.

స్వేచ్ఛ యనగా నిచ్చట మిగిలిన కాలము. ఆదివారము పదమూడు గంటలు ఒక గృహస్థు ఇల్లు విడిచినయెడల, ఆ పదమూడు గంటల పని యేమయ్యెను? పిల్లల కెవరు అన్నము పెట్టిరి? బురదపట్టిన బట్టల నెవరు చూచుకొనిరి? తానొక్కడే రోడ్డు మీద నితరుల సహాయము లేక పోవుచున్నానని నియమమును పాటించుచున్నవాడు, తన గడప దాటకమునుపే ఎంత సహాయము గైకొనెనో కార్డు మీద వ్రాసికొనుట లేదు. గాలికి ఇంటనున్నవారిని అడ్డము పెట్టి వారి వెనుక దాగి పోవుటయే యిది. పందెములో దానిని దొంగతన మనిరిగదా, ఇంటిలో నేమనవలయును? రెండవవాని ముఖము మీద బురద పడకుండ మడ్‌గార్డు తగిలించు మర్యాద ఇంటిలోను కావలయును.

ఇది నెఱవేఱని యాశ గాదు. యార్కుషైరులోని మోర్లీ పట్టణమున బెరిల్ బర్టన్ అను స్త్రీ యుండెను, 1937లో జన్మించినది. బాల్యమున వాతజ్వరముతో చాలకాలము మంచమున బడియుండెను. 1955లో చార్లీ బర్టన్ అనువానిని పెండ్లాడినది; సైకిలు నామెకు పరిచయము చేసినవా డాతడే. ఆమె వృత్తి పందెగత్తె కాలేదు. రూబార్బు తోటలో కూలిపని చేసెను. రూబార్బు పుల్లని కాడల కొఱకు పెంచు మొక్క. యార్కుషైరులో శీతకాలమున దాని బరువైన వేళ్లను చలికి బిగిసిన నేలనుండి పెకలించి చీకటి కొట్టములకు చేర్చుదురు. ఆ పని చేసినచేతులతోనే యామె యేడుసార్లు ప్రపంచ విజేత యయ్యెను. 1959 మొదలు 1983 వఱకు ఇరువదియైదేండ్లు వరుసగా తన దేశమున స్త్రీలలో సర్వోత్తమురాలని గుర్తింపు పొందెను. 1967లో యార్కుషైరులో జరిగిన పండ్రెండు గంటల పందెములో స్త్రీలను పురుషుల వెనుక బయలుదేరదీసిరి. ఆమె యొక్కొక్కరినే దాటుచు పోయి, చివరకు పురుషులలో మొదటివాడైన మైక్ మెక్‌నమారాను కలిసికొనెను. దాటునప్పుడు తన జేబులోని మిఠాయి యొకటి యాతనికి చాపగా నాతడు పుచ్చుకొనెను. ఆనా డామె 277.25 మైళ్లు పోయెను. మెక్‌నమారాయు 276.52 మైళ్లతో పురుషుల రికార్డును నెలకొల్పెను. కాని యది యామె దూరమునకు తక్కువ. స్త్రీలలో నామె రికార్డు 2017 వఱకు, అనగా ఏబదియేండ్లు నిలిచెను.

ఈ కథలో పలువురు మిఠాయిని జ్ఞాపకముంచుకొందురు. మేము చార్లీ బర్టనును జ్ఞాపకముంచుకొనుడందుము. అతడు తన పందెముల నటుంచి, భార్య సైకిలును బాగుచేయుచు, బిడ్డను చూచికొనుచు, పందెములకు వెంట పోవుచు నుండెను. ఇందులో వింత యేమున్నదని యడుగుడు. భర్త కొఱకు భార్య ఇట్లు చేసినచో వింత యేమియు లేదు; దానికి పత్రికలలో చోటుండదు. భర్త చేసినందుననే మనము వ్రాయుచున్నాము. మన వింతయే మన న్యాయమునకు కొలబద్ద. అయిన నామెను దేవతను చేయరాదు. 1976లో జాతీయ పందెమున సొంత కుమార్తె డెనీస్ తన్ను జయించినపుడు, బహుమాన వేదిక మీద నామె కుమార్తె చేతిని పట్టుకొన నిరాకరించెను. ఫలము లేని శ్రమలోను గెలుపుమీది కోరిక ఎంత లోతున దాగియుండునో యిందువలన తెలియుచున్నది. ప్రేమ కొఱకు చేయు పని, మనము ప్రేమింపవలసినవారిని మఱపించునంతవఱకు పోకూడదు.

మన తెలుగుదేశములో కోరి కష్టపడుట క్రొత్త విద్య గాదు. ఉపవాసములు, వ్రతములు, చలికాలపు దీక్షలు మన కున్నవి. మగవాడు దీక్ష పూనినపుడు తెల్లవారుజామున లేచి మడితో వంట చేయునది యెవరు? పుణ్యమున పాలు దొరకునని యామెను ఓదార్తురు. సైకిలువాని భార్యకు ఆ యోదార్పును లేదు. మన స్త్రీలకు శ్రమ కొదువలేదు. కోరి పడు శ్రమయే కొదువ. తనకై, ఊరకే, పనికిరాని పనిని మనసార చేయుటకు వారమున కొక పూట తనదని చెప్పుకొనగల గృహిణులు ఎందఱున్నారు? సోమరితనమునకు గాక శ్రమకే సెలవడుగుచున్నను దొరకని స్థితి యిది. బాలికకు సైకిలు నేర్పుటకు బడి దూరమును కారణముగా చెప్పు తండ్రులను మేము మెచ్చుకొందుము. బడి ప్రక్కనే యున్నను నేర్పు తండ్రులను అంతకన్న మెచ్చుకొందుము.

కాబట్టి మా తీర్మాన మిది. కోరి పడిన కష్టము పవిత్రమే. కాని మూడు షరతులకు లోబడి. ఎవరును చూడనిచోట నియమము తప్పరాదు. నియమముకన్న మనుష్యులు గొప్పవారని తోచిన యుదయమున దానిని విడువగల ధైర్య ముండవలయును. దాని వెలను ఇంటిలో మాటలాడనివారి మీద మోపరాదు. వచ్చు చలికాలమున సైకిలు కొన దలచిన చదువరులు తప్పక కొనుడు, త్రోవను పటము మీద గీచికొనుడు, చీకటిలో బయలుదేరుడు. ఇంటికి రెండు సైకిళ్లు కొనవలెనని మేము చెప్పము. ఒకటే కొన్నను, ఏ యాదివార మెవరిదో ముందుగా నిర్ణయించి, గోడ మీది క్యాలెండరులో ఇద్దఱి పేర్లును వ్రాసి పెట్టుకొనుడని మాత్రము చెప్పుదుము.